ఫ్లోరైడ్ ఊళ్లలోనూ పాలపళ్లు ఎందుకు పుచ్చుతున్నాయి?

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లె బడుల్లో పిల్లలను నోరు తెరవమంటే పాడైన పళ్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొందరి ముందు పళ్ల మీద తెల్లటి అడ్డగీతలు, గోధుమరంగు మచ్చలు ఉంటాయి. ఇంకొందరి పళ్లు నల్లబడి, విరిగి, చిగురు దగ్గర మొదళ్లు మాత్రమే మిగిలి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే రెండింటికీ ఒకటే జవాబు: ‘మా నీళ్లింతే’. మొదటి రకానికి ఆ మాట నిజమే. రెండో రకం పాపం నీళ్లది కాదు, తీపిదీ రాత్రిదీ. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నీళ్లను మార్చలేం కాబట్టి పళ్లను కాపాడలేమని చాలామంది చేతులెత్తేస్తున్నారు. ఫ్లోరైడ్ అంటేనే భయపడి, పిప్పి పళ్లను ఆపగలిగే పేస్టును పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు.

ముందు నీళ్ల సంగతి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. భూమి అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాతిలోని ఫ్లోరైడ్ ఖనిజాలను మెల్లగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. బోరు లోతు పెరిగేకొద్దీ ఈ పాత నీరే పైకి వస్తుంటుంది. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించి వైద్య పత్రికల్లో రాసింది 1937లో, ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి, దర్శి ప్రాంతంలో. తాగునీటి జాతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిదంటుంది. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు చేపట్టిన తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లు చేర్చింది. పైపు నీళ్లు వచ్చే ఊళ్లలో పరిస్థితి ఒక రకం, నేటికీ బోరు మీదే బతికే ఊళ్లలో మరో రకం. తుంగభద్ర నీళ్లు తాగే కర్నూలు నగరంలో ఈ బెడదే లేదు, నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ. కాబట్టి కర్నూలు పిల్లాడికి చెప్పే పేస్టు సలహాను ఉన్నదున్నట్టు ఫ్లోరైడ్ పల్లెకు అప్పగించడం కుదరదు, పల్లెకు చెప్పింది కర్నూలుకు వర్తించదు. తీపి విషయంలో మాత్రం తేడా లేదు.

మచ్చా? పుచ్చా?

ఫ్లోరోసిస్ అనేది పన్ను దవడలో ఇంకా తయారవుతున్నప్పుడు పడే మచ్చ. పన్ను బయటికి వచ్చాక అది కొత్తగా రాదు. శాశ్వత దంతాల పైపొర ఎనామెల్ పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. బయటికి కనిపించే ముందు పళ్లకు మొదటి మూడు నాలుగేళ్లే కీలకం. పాలపళ్ల ఎనామెల్ చాలావరకు తల్లి కడుపులోనే తయారైపోతుంది కనుక వాటిమీద ఫ్లోరోసిస్ తక్కువగా, తేలికగా కనిపిస్తుంది. దీన్నిబట్టి ఒక పనికొచ్చే లెక్క తేలుతుంది. మూడేళ్ల పిల్లాడి పాలపళ్ల మీద గోధుమరంగు మచ్చ ఉంటే మొదట అనుమానించాల్సింది పుచ్చునే. పదేళ్ల పిల్ల ముందు పళ్లకు రెండు వైపులా ఒకేలా మచ్చలుంటే ఫ్లోరోసిస్ కావచ్చు. ఆ పిల్లకు ఫ్లోరైడ్ పేస్టు మాన్పించినంత మాత్రాన మచ్చ పోదు, వాడినందుకు పెరగదు. మానేస్తే దక్కేది పుచ్చే.

పోల్చడానికి పట్టపగలు, గుమ్మం వెలుతురులో కూర్చోబెట్టి చూడాలి. పిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలితో పైపెదవిని ముక్కు వైపు ఎత్తాలి. మెత్తటి నూలుగుడ్డతో ముందు పళ్లను పొడిగా తుడవాలి. తడిగా ఉన్నప్పుడు తొలిదశ పుచ్చు కంటికి ఆనదు, పొడి చేసిన కొన్ని సెకన్లలో బయటపడుతుంది. చిగురును ఆనుకుని, దాని వంపు వెంబడే, మెరుపులేని తెల్లటి గీత కనిపిస్తే అదే పుచ్చు మొదలు. ఫ్లోరోసిస్ గీతలు చిగురు వంపును పట్టుకుని ఉండవు. పన్నుకు అడ్డంగా, పైనుంచి కింది దాకా ఎక్కడైనా, కుడి ఎడమ పళ్లపై జంటగా ఉంటాయి. గోటితో తాకితే నున్నగా, గట్టిగా తగులుతాయి. పుచ్చు గోధుమరంగుకు తిరిగేసరికి ఆ చోటు గరుకుగా, మెత్తగా మారుతుంది. దవడ పళ్ల మీదైతే నమిలే గాట్లలో నల్లటి గీత, దాని చుట్టూ లోపలి నుంచి బూడిదరంగు నీడ కనిపిస్తాయి. ఈ తనిఖీని నెలకోసారి పెట్టుకుంటే చాలు.

ఇంకో మచ్చ ఉంది, అది రెండూ కాదు. అంగన్‌వాడీలోనో ఆసుపత్రిలోనో ఇచ్చే ఐరన్ సిరప్ వల్ల పళ్ల మీద నల్లటి పొర పడుతుంది. అది పైపూతే, డాక్టరు దగ్గర శుభ్రం చేయిస్తే పోతుంది. దానికి భయపడి మందు మాన్పించడం తప్పు. సిరప్‌ను నాలుక వెనక భాగంలో వేసి, వెంటనే నాలుగు గుక్కల నీళ్లు తాగిస్తే పొర తక్కువ పడుతుంది.

‘పండ్లకు పురుగు పట్టింది’ అని వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చే వైద్యం అక్కడక్కడా ఇంకా నడుస్తోంది. రాలేవి పురుగులు కావు, వేడికి గింజల్లోంచి బయటపడ్డ తెల్లటి మొలక భాగాలు. పుచ్చును చేసేది కంటికి కనపడని బ్యాక్టీరియా.

పేస్టు లెక్క

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. ఎంత ఉందో ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, అందులో ఉండేది 0.1 మిల్లీగ్రాము. బఠానీ గింజంత అయితే సుమారు 0.25 మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిడివంతా పరిస్తే ఒక గ్రాముకు తగ్గదు.

ఇప్పుడు దీన్ని నీళ్ల పక్కన పెట్టి చూడాలి. లీటరుకు 2.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు రోజుకు ఒక లీటరు తాగే పిల్లకు నీటి నుంచే 2.5 మిల్లీగ్రాములు అందుతుంది. రెండు పూటలా బియ్యపు గింజంత పేస్టు పెట్టి, అదంతా మింగేసినా 0.2 దాటదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో 1.3 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 2.2 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా పోషకాహార ప్రమాణం. మార్చాల్సింది మొదట ఏదో ఈ అంకెలే చెబుతున్నాయి.

మార్చడంలోనే పొరపాటు జరుగుతుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను తెప్పించి, వంటకు బోరు నీళ్లే పోస్తారు. గంజి వంచిన అన్నంలో కొంత ఫ్లోరైడ్ బయటికి పోతుంది కానీ రాగి సంగటికి ఎసరు పెట్టిన నీళ్లన్నీ ముద్దలోనే ఇంకుతాయి. జావ సంగతీ అంతే, కుక్కరు అన్నం సంగతీ అంతే. రోజుకు రెండు పూటలా సంగటి తినే ఇంట్లో పిల్లల వంట వరకైనా మంచి నీళ్లు వాడాలి. నీళ్లు కాచినందువల్ల ఫ్లోరైడ్ తగ్గదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు దాన్ని ఆపలేదు. ఆర్‌ఓ, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఆపుతాయి. అయితే ఆర్‌ఓ ప్లాంటులో పొర పాతబడితే పట్టు తప్పుతుంది కాబట్టి ప్లాంటు నీళ్లనూ అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. రంగును పోల్చి చూసే చిన్న కిట్లు కూడా పల్లెలకు చేరాయి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి ఇవ్వాలి. ఏ బోరు నీళ్లో, ఏ రోజు పట్టినవో సీసా మీద రాయకపోతే ఫలితం వచ్చాక అక్కరకు రాదు.

నీటి ఫలితం తెలిశాక పేస్టు సంగతి తేలికవుతుంది. నది నీళ్లు తాగే ఇళ్లలో, 1 మిల్లీగ్రాము లోపు ఉన్న ఊళ్లలో మొదటి పన్ను వచ్చినప్పటి నుంచే 1000 పీపీఎం పేస్టు వాడాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. బ్రష్ నిడివి వెంబడి పొడుగ్గా కాకుండా అడ్డంగా, కుచ్చుల లోపలికి వేలితో నొక్కితే పిల్ల చప్పరించి మింగడానికి పైన ఏమీ మిగలదు. ఫలితం 1.5 దాటి, నీళ్లు ఇంకా మార్చలేకపోతుంటే ఉమ్మడం రాని పిల్లలకు ఉత్త బ్రష్‌తోనే తోమడం జాగ్రత్త అనే వైద్యులున్నారు. బియ్యపు గింజ కొలత దాటనంతవరకు పేస్టు ఉంచడమే మేలని, మూతికి వచ్చిన నురగను గుడ్డతో తుడిచేస్తే సరిపోతుందని మరికొందరి మాట. పాలపళ్లు అప్పటికే పుచ్చుతున్న పిల్లకైతే రెండో మాట వైపే మొగ్గాలి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు మచ్చ భయం లేదు, ఏ ఊరైనా ఫ్లోరైడ్ పేస్టే. ఇక మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడే ఉండదు. పండ్ల రుచి ఉన్న పిల్లల పేస్టులను మిఠాయిలా తినేస్తారు కనుక వాటిని అందకుండా పెట్టాలి.

ఎంత తిన్నదీ కాదు, ఎన్నిసార్లు తిన్నదీ

పుచ్చు ఎలా మొదలవుతుందో తెలిస్తే తిండి సంగతి దానంతటదే అర్థమవుతుంది. పళ్ల మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. పాచిలో పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, కరిగిన ఖనిజాన్ని తిరిగి పూడ్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఫ్లోరైడ్ చేసే అసలు మేలు ఈ పూడ్చే దశలోనే. అందుకే రెండు మైసూర్‌పాకులు ఒకేసారి తింటే ఒక్క దాడి. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం తింటే రెండు దాడులు.

నాలుగేళ్ల పిల్ల రోజును ఈ లెక్కన చూడాలి. లేవగానే చక్కెర టీలో బన్నో రస్కో ముంచుకుని తింటుంది. కాసేపటికి అంగడి నుంచి ఐదు రూపాయల ప్యాకెట్. మధ్యాహ్నం ఏడుపు ఆపడానికి పుల్ల చాక్లెట్, సాయంత్రం బొరుగుల ఉండ, ఎండలు ముదిరితే నన్నారి షర్బత్, పడుకునే ముందు చక్కెర పాలు. తీపి మొత్తం పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఆరు దాడులు, ఒక్కోటి నలభై నిమిషాలనుకున్నా నాలుగు గంటలు పళ్లు ఆమ్లంలో నానుతున్నాయి. షర్బత్‌ను సీసాలో పోసి చేతికిచ్చి, గుక్క గుక్కగా పొద్దంతా తాగనిస్తే లాలాజలానికి అసలు సందే దొరకదు. ఈ టీ అలవాటు రెండు విధాలా చెరుపు. చక్కెర పుచ్చును పెంచుతుంది, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఫ్లోరైడ్ ఊళ్లో ఆ లెక్కా పెరుగుతుంది.

బెల్లం మంచిదనే మాట పళ్ల విషయంలో చెల్లదు. బెల్లంలో ఉన్నదీ ప్రధానంగా చక్కెరే, పైగా పాకం పట్టినది పళ్ల గాట్లలో అతుక్కుని చాలాసేపు ఉంటుంది. బడి భోజనంలో కొన్ని రోజులు పల్లీ చిక్కీ, కొన్ని రోజులు బెల్లం వేసిన రాగి జావ ఇస్తున్నారు. రక్తహీనత ఉన్న పిల్లలకు అవి అవసరమే కాబట్టి మాన్పించమనడం తగదు. చిక్కీని జేబులో పెట్టుకుని మధ్యాహ్నమంతా కొరుక్కుంటూ కాకుండా అన్నం తిన్న వెంటనే తినేసి, నీళ్లు పుక్కిలించి మింగితే చాలు. ఇంట్లో బాలామృతం తినిపించిన తర్వాతా అంతే.

ఉప్పటి చిరుతిండి ప్యాకెట్లు తీపి కాదు కదా అని ఊరుకుంటారు. మైదా, పిండి నమిలేటప్పుడు ముద్దయి దవడ పళ్ల మధ్య ఇరుక్కుని అక్కడే చక్కెరగా విడిపోతాయి. వాటికి బదులు ఉడకబెట్టినవో వేయించినవో శెనక్కాయలు ఎంతో నయం. నమలడం వల్ల లాలాజలం ఊరుతుంది, అతుక్కునేది లేదు, పండేదీ మన చేలోనే. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం గింజలు గొంతుకు అడ్డం పడతాయి, వాళ్లకు పొడి చేసి పెట్టాలి. దాహానికి నీళ్లు, మజ్జిగ.

రాత్రి సీసా

పై దవడ ముందు పళ్లు నాలుగూ పాడై, కింది ముందు పళ్లు బాగున్న పిల్ల వస్తే డాక్టరు మొదట అడిగేది పాల సీసా గురించే. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు పైపళ్ల చుట్టూ నిలుస్తాయి. కింది పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలమూ అక్కడే ఊరుతుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కనుక రాత్రి దాడి పగటిదానికంటే పొడుగ్గా సాగుతుంది. ఏడాది నిండేసరికి సీసా నుంచి గ్లాసుకు మార్చాలి. ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లంతా జాగారమే. మొదట రెండు మూడు రోజులు సీసా పాలలో చక్కెర సగానికి తగ్గించి, తర్వాత పూర్తిగా మానేసి, ఆపైన ఒక్కో రోజు పాలు పలచన చేస్తూ చివరికి ఉత్త నీళ్లకు దించితే పది పన్నెండు రోజుల్లో పిల్ల తనే వదిలేస్తుంది. తల్లిపాలు రెండేళ్లు, ఆపైనా ఇవ్వవచ్చు. పళ్లు వచ్చాక రాత్రంతా నోట్లో రొమ్ము ఉంచి నిద్రపోనివ్వడమే వద్దు. దగ్గు సిరప్‌లు, యాంటీబయాటిక్ సిరప్‌లు కూడా చక్కెర పాకాలే, పడుకునే ముందు వేస్తే తర్వాత తోమాలి.

రాత్రి బ్రష్ పొద్దుటి బ్రష్ కంటే విలువైనది. ఒక్క పూటే కుదిరే ఇల్లయితే రాత్రినే ఎంచుకోవాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లకు బ్రష్ ఇచ్చి వదిలేయకూడదు, ఆ వయసులో చేతి వాటం ఉండదు. పెద్దవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల తలను వెనక నుంచి ఒడిలోకి తీసుకుంటే నోరంతా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి తోమితే ముందు పళ్లే శుభ్రపడతాయి. మొదట దవడ పళ్లతో మొదలుపెట్టాలి, ఎందుకంటే పిల్ల ఓపిక తొలి నిమిషమే. బ్రష్ కుచ్చును చిగురు వైపు కాస్త వంచి చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పాలి. లోపలివైపు, నాలుక పక్క మరచిపోయేది ఎక్కువ. మొత్తం రెండు నిమిషాలు. తర్వాత నురగ ఉమ్మేయడమే, గ్లాసెడు నీళ్లతో పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన కాస్త ఫ్లోరైడూ కొట్టుకుపోతుంది. బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్లపొడులు ఎనామెల్‌ను అరగదీస్తాయి. వేప పుల్ల పెద్దల చేతిలో ఫర్వాలేదు, పిల్లల దవడ పళ్లదాకా అది చేరదు.

ఎవరూ గమనించని పన్ను

ఆరేళ్ల ప్రాంతంలో పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఊడలేదు కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు, పుచ్చితే ‘ఊడిపోయేదే కదా’ అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని గాట్లు లోతుగా, బ్రష్ కుచ్చు దూరలేనంత సన్నగా ఉంటాయి. పూర్తిగా బయటికి వచ్చిన కొన్ని నెలల్లోనే, పుచ్చకముందే, ఆ గాట్లను రెసిన్‌తో మూసేయడం మంచి రక్షణ. దీన్నే సీలెంట్ అంటారు. పన్ను తొలచడం, సూది గుచ్చడం ఉండవు. పంటిని శుభ్రం చేసి, ఆమ్లపు జెల్ కొన్ని సెకన్లు పెట్టి, కడిగి ఆరబెట్టి, రెసిన్ పూసి నీలి లైటు చూపిస్తారు. ఆరబెట్టిన పంటికి ఉమ్మి తగిలితే పూత నిలవదు, ఎక్కువగా ఊడిపోవడానికి కారణం ఇదే. ఫ్లోరోసిస్ ఉన్న పళ్లకు జెల్ ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది, మచ్చల పళ్లున్న పిల్ల అయితే ముందే చెప్పాలి.

చిగురు దగ్గర తెల్లగీత దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి వెనక్కి తిప్పవచ్చు. మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు పలచగా పూస్తారు, ఇంట్లో వాడేది కాదు. గుంట పడ్డాక, కుర్చీలో కూర్చోలేని చిన్న పిల్లలకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పెడితే పుచ్చు చాలావరకు అక్కడే ఆగుతుంది. ఆ చోటు నల్లగా మారుతుంది, ఆ సంగతి ముందే తెలియకపోతే తల్లిదండ్రులు హడలిపోతారు. పాలపన్ను తొందరగా తీయించుకోవడమూ మంచిది కాదు. రెండో పాల దవడ పన్ను ముందే పోతే ఆరేళ్ల పన్ను ముందుకు జరిగి, తర్వాత రావాల్సిన పంటికి చోటు చాలదు. తీయక తప్పకపోతే ఖాళీని కాపాడే తీగ పెట్టమని అడగాలి.

అంగన్‌వాడీ, బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పళ్లూ ఉన్నాయి, అక్కడి చీటీతో పెద్దాసుపత్రికి వెళ్లవచ్చు. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది.

నొప్పికి పొగాకు, లవంగం నూనె అద్దడం చిగురును కాలుస్తుంది. పుచ్చిన పంటి పక్కన చిగురు మీద మొటిమలా చీము కురుపు లేచి, చితికి నొప్పి తగ్గితే తగ్గిపోయినట్టు కాదు, చీముకు దారి దొరికిందంతే. అది కింద పెరుగుతున్న శాశ్వత పంటినీ చెరపగలదు. మందుల అంగట్లో కొన్న యాంటీబయాటిక్ వాపును దించుతుంది గానీ కారణం పంటిలోనే ఉండిపోతుంది, వారాల్లో మళ్లీ వస్తుంది. బుగ్గ వాపు కంటి కిందికో దవడ కిందికో పాకి, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా మర్నాటిదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.